మూడు నెలలకో ఫోను

పదిహేనేళ్ళు వార్డుల్లో నర్సుగా చేశాక నా నడుం పట్టేసింది. ఒక రోగిని మంచం మీద పక్కకి తిప్పబోయి నేనే అక్కడ కూలబడ్డాను. ఇక బరువులు ఎత్తకూడదన్నాడు ఎముకల డాక్టరు. నర్సు ఉద్యోగంలో బరువెత్తని పూట ఉండదు. రెండు నెలలు చందానగర్‌లో ఇంట్లోనే ఉండిపోయాను. ఆ తర్వాత మా చర్చికి వచ్చే ఒకావిడ చెబితే హైటెక్ సిటీలో ఒక కంపెనీకి ఇంటర్వ్యూకి వెళ్ళాను. ఆసుపత్రులకి సాఫ్ట్‌వేర్ చేసే కంపెనీ అది. నాకు కంప్యూటర్ అంతంతమాత్రమే వచ్చు, ఆ మాటే చెప్పాను.

"కంప్యూటర్ వచ్చినవాళ్ళు మా దగ్గర చాలామంది ఉన్నారు మేడమ్. రోగులతో మాట్లాడటం వచ్చినవాళ్ళే లేరు" అన్నాడు మేనేజరు.

పని ఇదీ. పొట్టలో క్యాన్సర్ వచ్చి ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళ జాబితా ఒకటి నా చేతికిచ్చారు. ఆసుపత్రి నుంచి ఇంటికి వెళ్ళేటప్పుడు, ఫోన్ చేస్తే మాట్లాడతామని సంతకం పెట్టినవాళ్ళు వాళ్ళంతా. మూడు నెలలకోసారి ఫోన్ చేసి ఎనిమిది ప్రశ్నలు అడగాలి. బరువెంత ఉన్నారు, ఎంత తినగలుగుతున్నారు, వాంతులు అవుతున్నాయా, స్కాన్‌లో ఏం వచ్చింది, అలాంటివి. ఏడో ప్రశ్న జబ్బు మళ్ళీ వచ్చిందా అని. ఎనిమిదోది అడిగేది కాదు, నింపేది. మనిషి ఉన్నారా, లేరా.

ఈ సమాధానాలన్నీ పోగేసి, ఆపరేషన్ రోజుకి తెలిసిన వివరాలతో కలిపి చూసి, ఎవరికి జబ్బు తిరగబెట్టవచ్చు, ఎవరు ఎంతకాలం ఉండవచ్చు అని ముందే అంచనా వేసే పద్ధతిని మావాళ్ళు తయారుచేస్తున్నారు. అది కుదిరితే, ప్రమాదం ఎక్కువున్నవాళ్ళని డాక్టర్లు తరచుగా పిలిచి చూసుకోవచ్చు. నాకు అది మంచిపనిగానే తోచింది. ఇప్పటికీ తోస్తుంది.

ఫోన్ చేయడం అనుకున్నంత తేలిక కాదని మొదటి వారంలోనే తెలిసింది. "ఆయన ఉన్నారా?" అని అడిగాను ఒకసారి, ఇంట్లో ఉన్నారా అనే అర్థంలో. అవతల ఆడమనిషి ఏడుపు అందుకుంది. అప్పట్నుంచి ఆ మాట మానేశాను. ఆసుపత్రి తరఫున మాట్లాడుతున్నానని చెప్పి, "అంతా ఎలా ఉన్నారండి?" అని ఊరుకునేదాన్ని. మిగతాది వాళ్ళే చెప్పేవారు.

ఆ జాబితాలోనే ఆయన ఉన్నాడు. మియాపూర్‌లో ఉండే టైల్స్ మేస్త్రీ. యాభై నాలుగేళ్ళు. పొట్ట, అంటే తిన్నది చేరే సంచి, మొత్తం తీసేశారు. ఆపరేషన్ అయ్యి మూడు నెలలు, కీమో ఇంకా నడుస్తోంది. కరోనా కాస్త సద్దుమణిగిన రోజులవి. నేను ఫోన్ చేసింది మధ్యాహ్నం పన్నెండింటికి.

"ఎవలు?" అన్నాడు గట్టిగా.

నేను చెప్పాల్సిందంతా చెప్పాను. ఆయన పూర్తిగా విన్నాడు.

"ఓటీపీ అడుగుతవా?"

"లేదండి."

"అడిగినా చెప్ప. నాకు మస్తు ఫోన్లు వస్తయి గిట్ల. బ్యాంకు అంటరు, దవాఖాన అంటరు."

"ఓటీపీ వద్దండి. మీ బరువెంతో చెప్పండి చాలు."

అవతల నవ్వు వినిపించింది. "బరువా? బరువు దొంగతనం చేస్తవా చెల్లె? ఉన్నదే జరంత."

బరువు చూసుకోలేదట. ఇంట్లో మెషీన్ లేదు. వారంలో మళ్ళీ చేస్తానన్నాను. చేస్తే, సందు చివర పాత ఇనుపసామాన్ల దుకాణంలో కాంటా మీద నిలబడి చూసుకొచ్చానని చెప్పాడు. "షాపాయన నన్ను తుక్కు కింద కొంటనన్నడు. ఇయ్యను అన్న" అన్నాడు. ఆపరేషన్‌కి ముందు డెబ్భై రెండు కిలోలున్న మనిషి యాభై ఒకటికి దిగాడు. ఆ అంకె వేస్తూ నేను నవ్వుతూనే ఉన్నాను. ఆయనతో మాట్లాడితే అలాగే ఉండేది.

ఆ రెండో ఫోన్‌లోనే ఆయన ఇబ్బందేమిటో బయటపడింది. పొద్దున చాయ్ తాగిన పావుగంటకి ఒళ్ళంతా చెమటలు, గుండె దడ, కళ్ళు తిరగడం. జబ్బు మళ్ళీ వచ్చిందేమోనని భార్యాభర్తలిద్దరూ హడలిపోయి ఎవరికీ చెప్పకుండా కూర్చున్నారు. చాయ్‌లో ఎన్ని చెంచాల చక్కెర వేస్తారని అడిగాను. మూడు అన్నాడు. పొట్ట లేని మనిషికి తీపి ఒక్కసారిగా పేగులోకి దిగితే అలాగే అవుతుంది. వార్డులో ఎంతమందికి చెప్పానో ఆ సంగతి.

"చక్కెర మానెయ్యండి. తింటూ నీళ్ళు తాగకండి. మూడు పూటలు కాదు, కొంచెం కొంచెం ఏడెనిమిది సార్లు తినండి. తగ్గకపోతే డాక్టరుకి చెప్పండి."

"ఏడెనిమిది సార్లా? పసిపోరగాని లెక్క?"

"అవును. పసిపిల్లాడి లెక్కే."

ఫోన్ ఆయన భార్య తీసుకుంది. గచ్చిబౌలిలో ఒక ఆఫీసులో హౌస్‌కీపింగ్ చేస్తుందావిడ. ఆ రోజు సెలవు పెట్టినట్టుంది. "మేడం, ఆయన సంచే తీసేసిన్రు కదా, తిన్నది యాడికి పోతది? నాకు అదే సమజ్ కాదు. తినిపియ్యాలంటే భయమైతది" అంది. పేగుని అన్నవాహిక గొట్టానికి ఎలా కలిపి కుడతారో, అన్నం నేరుగా పేగులోకి ఎలా వెళుతుందో చెప్పాను. డిశ్చార్జి రోజున ఎవరో చెప్పే ఉంటారు. ఆ రోజు ఎవరి చెవికీ ఏదీ ఎక్కదు. ఐదు నిమిషాల్లో ముగించాల్సిన ఫోన్ ఇరవై నిమిషాలైంది. ఆవిడ చివర్లో "అట్లనా" అని ఒక్క మాట అంది. ఆ మాటలో వినిపించిన తేలిక నాకు ఇప్పటికీ గుర్తుంది.

తర్వాతిసారి చేసినప్పుడు ఆయన నా కోసమే ఎదురుచూస్తున్నట్టు ఉన్నాడు. పొద్దున్నుంచి ఏమేం తిన్నాడో గుక్క తిప్పుకోకుండా చెప్పాడు. ఒక ఇడ్లీ. గంటన్నరకి ఉడికిన గుడ్డు. మళ్ళీ పప్పు కలిపిన మెత్తటి అన్నం, గుప్పెడు. అరటిపండు సగం. ఆ సగం పండు గురించి చెప్పినంత సంబరంగా పెళ్ళి భోజనం గురించి చెప్పిన మనిషిని కూడా నేను చూడలేదు. నా ఆఫీసు ఎక్కడని అడిగాడు. ఫలానా బిల్డింగ్ అన్నాను.

"అద్దాలదా? ఫ్లైఓవర్ మలుపుకాడ? కింద లిఫ్టుల ముందర నల్ల గ్రానైట్ ఉంటది సూడు. అది నేనే పరిసిన. నువ్వు దినాం నా పని మీదికెల్లే నడుస్తున్నవు చెల్లె."

ఆ సాయంత్రం దిగేటప్పుడు లిఫ్టు ముందు ఆగి చూశాను. రోజూ తొక్కి నడుస్తున్న నేల. రాయికీ రాయికీ మధ్య గోరు దూరే సందు లేదు. వెనకనుంచి వచ్చేవాళ్ళు నన్ను తప్పించుకుని వెళ్ళిపోతున్నారు.

నేను ఆయన్ని అన్నయ్యా అనడం ఎప్పుడు మొదలుపెట్టానో సరిగ్గా చెప్పలేను. మేం గోదావరి వైపువాళ్ళం. మాకు అండి లేకుండా నోరు తిరగదు. ఆయన నన్ను మొదటి రోజునే చెల్లె అనేశాడు. ఆయన చెల్లె అన్నప్పుడు నేను అండి అంటే ఏదో ఎడంగా పెట్టినట్టుండేది.

ఇలా ఏడాది గడిచింది. ఆయన కీమో అయిపోయింది. బరువు యాభై మూడు దగ్గర నిలబడింది. పొట్ట లేనివాళ్ళకి తప్పని బి12 సూది మందు నెలకోసారి వేయించుకునేవాడు. ఇంటి దగ్గర చిన్న చిన్న పనులు చూసుకోవడం మొదలుపెట్టాడు.

అప్పుడు మాకు కొత్త స్క్రీన్ వచ్చింది.

అంచనా వేసే పద్ధతి ఒక కొలిక్కి వచ్చిందనీ, ఇక పరీక్షించి చూడాలనీ అన్నారు. ఒక సోమవారం పొద్దున నేను కంప్యూటర్ తెరిచేసరికి ప్రతి పేరు పక్కనా ఒక చుక్క ఉంది. ఆకుపచ్చ, పసుపు, ఎరుపు. ఆకుపచ్చ అంటే జబ్బు తిరగబెట్టే అవకాశం తక్కువ. ఎరుపంటే ఎక్కువ, వచ్చే రెండేళ్ళలో. నేను గబగబా జాబితా కిందికి జరుపుకుంటూ ఆయన పేరు దగ్గరికి వెళ్ళాను. ఎర్ర చుక్క.

ఆ లెక్కలు కట్టే ఇంజనీరు అమ్మాయి నా వెనక వరుసలోనే కూర్చుంటుంది. విజయవాడ పిల్ల, పని తప్ప వేరే ధ్యాస ఉండదు. ఆ అమ్మాయి దగ్గరికి వెళ్ళి ఎందుకు ఎరుపు అని అడిగాను. తెరిచి చూపించింది. ఆపరేషన్‌లో పొట్ట చుట్టూ ఉన్న చిన్న చిన్న గ్రంథుల్ని కూడా తీసి పరీక్షకి పంపుతారు. ఆయనకి వాటిలో చాలావాటికి జబ్బు పాకింది. గడ్డ పొట్ట గోడ బయటి పొర దాకా వచ్చింది. దానికి తోడు మొదటి మూడు నెలల్లో అంత బరువు తగ్గిపోవడం.

"కానీ అక్కా, ఇది ఆయన గురించి చెప్పేది కాదు. ఆయనలాంటి వంద మందిని తీసుకుంటే వాళ్ళలో ఎక్కువమందికి ఏమైందో చెబుతుంది. ఆ వందలో ఆయన ఎక్కడున్నాడో దీనికి తెలీదు" అంది ఆ అమ్మాయి.

నాకా మాట అర్థమైంది. వార్డులో డాక్టర్లు ఇదే మాటని వేరే రకంగా చెప్పడం విన్నాను. అయినా ఆ రోజు ఇంటికి వెళ్ళాక అన్నం ముందు కూర్చుంటే ఆ సగం అరటిపండే కళ్ళముందు కనిపించింది.

వారం తర్వాత ఆయనకి ఫోన్ చేయాల్సిన రోజు. ఎప్పటిలాగే మాట్లాడాలని గట్టిగా అనుకున్నాను. ఆయన తుక్కు దుకాణం కబుర్లు చెబుతుంటే నవ్వాను కూడా. కానీ వాంతులు ఉన్నాయా అని రెండుసార్లు అడిగాను. కడుపు ఉబ్బినట్టుందా అని, ఆ ఎనిమిదింట్లో లేని ప్రశ్న అడిగాను.

"ఏంది చెల్లె, ఇయ్యాల గొంతు గట్లున్నది? పాణం బాగలేదా?"

"జలుబు చేసింది అన్నయ్యా" అన్నాను.

ఫోన్ ఆయన భార్యకి ఇచ్చాడు. అక్కడ నేను చేసిన పని మాత్రం ఎన్నాళ్ళకీ మర్చిపోలేను. అన్నీ అడిగాక, పెట్టేసే ముందు, "వదినా, ఆయనకి ఏం తినాలనిపిస్తే అది చేసిపెట్టండి" అన్నాను. ప్రేమతోనే అన్నాను. కానీ ఆసుపత్రి మొహం చూసిన ఏ ఇల్లాలికైనా ఆ మాట ఎప్పుడంటారో తెలుసు. నర్సుగా నేనే ఎంతమందితో అన్నానో, ఎలాంటి రోగుల గురించి అన్నానో. ఆవిడ "సరే మేడం" అని ఫోన్ పెట్టేసింది.

మర్నాడు నాలుగింటికి ఆఫీసు నంబరుకి ఫోన్ వచ్చింది. ఆవిడే. వాళ్ళ ఆఫీసు మెట్ల దగ్గర నిలబడి మాట్లాడుతున్నట్టుంది, గొంతు గోడలకి కొట్టుకుంటోంది.

"మేడం, ఒక్క మాట అడుగుత. అబద్ధం చెప్పొద్దు. మీ కంప్యూటర్ల ఏమన్న కనవడ్డదా?"

నేను ఏదో ఒకటి చెప్పాలి కదా. "నేను చెప్పకూడదు వదినా, డాక్టరుగారు చెప్పాలి" అన్నాను. అది నిజమే. కానీ ఆవిడ అడిగినదానికి అవునని చెప్పినట్టే అయింది.

మర్నాడే ఆయన్ని ఆసుపత్రికి తీసుకెళ్ళింది. స్కాన్ తీయించారు. రిపోర్టుకి మూడు రోజులు. ఆ మూడు రోజులు ఇద్దరూ ఒకరితో ఒకరు సరిగ్గా మాట్లాడుకోలేదని తర్వాత నాకు చెప్పింది. ఆయన తినే ఆ కాస్త కూడా మానేశాడు. రిపోర్టులో ఏమీ లేదు. అంతా బాగుంది. రిపోర్టు వచ్చిన వెంటనే ఆవిడే ఫోన్ చేసి చెప్పింది. "ఏం లేదంట మేడం" అంది. కోపంగా అననందుకు నాకు ఇంకా సిగ్గేసింది.

ఇంట్లో మా ఆయనతో చెప్పాను. బడిలో లెక్కలు చెప్పే మనిషి, ఎక్కువ మాట్లాడడు. "ఫోన్‌లో చేసిన తప్పుకి ఫోన్‌లో క్షమాపణ అడిగితే ఏం బాగుంటుంది? వెళ్ళి రా" అన్నాడు.

ఆ ఆదివారం ప్రార్థన అయ్యాక చర్చి నుంచి అటే వెళ్ళాను. డజను నాటుకోడి గుడ్లు కొని, షేర్ ఆటోలో మియాపూర్ చౌరస్తాలో దిగి, డిపో వెనక సందులో ఇల్లు వెతుక్కున్నాను. రెండు గదుల కిరాయి ఇల్లు. గడప ముందు రంగురంగుల టైల్స్ ముక్కలు, పనుల్లో మిగిలినవి, అతికించి చిన్న అరుగు చేసుకున్నాడు. దాని మీద కూర్చుని ఉన్నాడాయన. ఫోన్‌లో అంత పెద్ద గొంతు వినిపించే మనిషి ఇంత సన్నగా ఉంటాడని అనుకోలేదు. చొక్కా ఇద్దరు తొడుక్కునేంత ఉంది.

నేనెవరో చెప్పకముందే, "చెల్లె" అన్నాడు.

"గొంతు విననిదే ఎలా గుర్తుపట్టారు?"

"గుడ్లు పట్టుకొని నా ఇంటికి ఇంకెవలు వస్తరు?"

ఆవిడ లోపలినుంచి స్టూలు తెచ్చి వేసింది. నన్ను చూసి నవ్వలేదు. నేను కూర్చోకుండానే చెప్పాల్సింది చెప్పేశాను. ఆ మాట అని ఉండకూడదని, నా వల్ల వాళ్ళు మూడు రోజులు నరకం చూశారని. చెబుతుంటే ఏడుపొచ్చింది. పదిహేనేళ్ళు నర్సుగా చేసి రోగి ముందు ఏడవని మనిషిని.

ఆయన నన్ను ఏడవనిచ్చాడు. తర్వాత అడిగాడు.

"ఏమున్నది అండ్ల? జబ్బు నాది. నాకు చెప్తే ఏమైతది?"

చెప్పకూడదని నాకు తెలుసు. కానీ సగం చెప్పి వాళ్ళని ఆ స్థితికి తెచ్చింది నేనే. చెప్పాను. మూడు రంగులు, ఆయనది ఎరుపు. వంద మంది సంగతి కూడా ఆ ఇంజనీరు అమ్మాయి చెప్పినట్టే చెప్పాను. ఆయన కళ్ళు చిట్లించి విన్నాడు. ఆవిడ గడపకి ఆనుకుని నిలబడి, కొంగు చివర వేలికి చుట్టుకుంటూ ఉంది.

"అది నన్ను చూసిందా?" అన్నాడు ఆయన.

"లేదు. మీ కాగితాలు చూసింది."

"ఆ ఎర్రచుక్కోళ్ళల్ల అందరు పోయిన్రా?"

"లేదు. కొంతమంది ఉన్నారు."

"ఎక్కువా, తక్కువా?"

"తక్కువే అన్నయ్యా" అన్నాను.

తల ఊపాడు. తర్వాత ఆయన అడిగింది నేను అసలు ఊహించని ప్రశ్న.

"ఆ తక్కువోళ్ళతోటి నువ్వు మాట్లాడుతవా?"

"మాట్లాడతాను. మీతో మాట్లాడినట్టే."

"ఏం చేస్తున్నరు ఆళ్ళు?"

నేను పేర్లు చెప్పలేదు, ఊళ్ళు చెప్పలేదు. గాజుల కొట్టు పెట్టుకున్నావిడ ఒకరు ఉన్నారని చెప్పాను. నాలుగేళ్ళయింది ఆపరేషన్ అయ్యి, ఫోన్ చేస్తే ఎప్పుడూ ఎవరి చేతికో గాజులు తొడుగుతూనే మాట్లాడుతుంది. రిటైరైన కండక్టర్ ఒకాయన ఉన్నాడు, మనవరాలిని బడికి దింపి వచ్చాకే ఫోన్ చేయమంటాడు. మేకలు మేపే ఆయన ఒకరు, సిగ్నల్ కోసం గుట్ట ఎక్కి మాట్లాడతాడు. నేను చెబుతున్నకొద్దీ ఆయన ఇంకా అడిగాడు. కండక్టర్ ఎన్నిసార్లు తింటాడు? గాజులామె మిర్చి తినగలుగుతుందా? మేకలాయన గుట్ట ఎక్కుతుంటే ఆయాసం రాదా?

ఆవిడ అప్పుడు కదిలింది. "ఎర్రచుక్క ఉన్నోళ్ళను దవాఖానోళ్ళు జల్ది జల్ది చూస్తరా?" అని అడిగింది.

"అసలు అందుకేనండి ఇది చేసింది. ఆరు నెలలకి బదులు మూడు నెలలకే పిలుస్తారు. తిరగబెడితే తొందరగా తెలుస్తుంది."

"మరి మంచిదే కదా" అంది ఆయన వైపు చూసి. "పచ్చచుక్క ఉంటే నిన్ను ఎవలు పట్టించుకుంటుండిరి?"

ఆయన పెద్దగా నవ్వాడు. ఆవిడ లోపలికి వెళ్ళి నేను తెచ్చిన గుడ్లలో మూడు ఉడకబెట్టి, మిరియాలు చల్లి తెచ్చింది. ఆయన ఒక గుడ్డుని అరగంట సేపు తిన్నాడు. మేం ఇద్దరం మావి ఎప్పుడో తినేసి ఆయన్నే చూస్తూ కూర్చున్నాం. వచ్చేసేటప్పుడు ఆవిడ సందు చివరిదాకా వచ్చింది. ఆటో ఎక్కుతుంటే, "మళ్ళ రా చెల్లె" అంది. అప్పటిదాకా మేడం అనేది.

సోమవారం మేనేజరు దగ్గరికి వెళ్ళి చేసిందంతా చెప్పేశాను. రోగి ఇంటికి వెళ్ళడం, చుక్క సంగతి చెప్పడం రెండూ తప్పేనన్నాడు, గట్టిగానే అన్నాడు. ఉద్యోగం పోతుందేమో అనుకున్నాను. పోలేదు కానీ రాతపూర్వకంగా ఒక హెచ్చరిక ఇచ్చారు. ఆసుపత్రికి కూడా చెప్పారు. ఆ డాక్టరు మేస్త్రీనీ భార్యనీ పిలిచి, కూర్చోబెట్టి, అంతా తీరిగ్గా వివరించాడట. అది నా తప్పు వల్ల జరిగిన ఒక మంచి.

అదే రోజు నేను ఇంకో మాట కూడా అడిగాను. ఫోన్ చేసేవాళ్ళ స్క్రీన్ మీద ఆ చుక్కలు కనపడకుండా తీసేయమని.

"తెలిస్తే ఇంకా జాగ్రత్తగా మాట్లాడతారు కదా?" అన్నాడు మేనేజరు.

"జాగ్రత్తగా మాట్లాడకూడదు సార్. మామూలుగా మాట్లాడాలి. నాకు రంగు కనిపిస్తుంటే నేను మనిషితో మాట్లాడలేకపోతున్నాను."

ఇంజనీరు అమ్మాయి కూడా ఆ గదిలోనే ఉంది. అప్పుడు నా వైపు మాట్లాడింది. "అక్క చెప్పింది లెక్కలో కూడా నిజమే సార్. ఎర్రచుక్క చూసి అక్క ఆయన్ని వాంతుల గురించి రెండుసార్లు అడిగింది. ఆకుపచ్చవాళ్ళని ఒక్కసారే అడుగుతుంది. అలా అడిగితే ఎరుపువాళ్ళకే అన్ని బాధలూ ఉన్నట్టు వస్తుంది. మన అంచనాని మనమే నిజం చేసుకున్నట్టవుతుంది."

వారంలో చుక్కలు పోయాయి. డాక్టర్ల స్క్రీన్ మీద ఉన్నాయి, మా స్క్రీన్ మీద లేవు. అయితే అప్పటిదాకా చూసినవి చూశాను కదా, కొన్ని గుర్తుండిపోయాయి. ఆ రంగులు చాలావరకు నిజమే చెప్పాయి. ఎర్రచుక్కలుగా గుర్తున్న వాళ్ళలో చాలామంది ఇళ్ళకి ఫోన్ చేస్తే, ఒకటిన్నర, రెండేళ్ళ లోపు వేరే గొంతు పలికింది. గుట్ట ఎక్కే మేకలాయన కూడా. అది మేస్త్రీకి నేను చెప్పలేదు, ఆయన అడగలేదు. ఆకుపచ్చ చుక్క ఉన్న ఒక స్కూలు టీచరమ్మ, ముప్పై ఎనిమిదేళ్ళ మనిషి, పద్నాలుగు నెలలకే వెళ్ళిపోయింది. ఎందుకో ఎవరికీ తెలీలేదు. ఇంజనీరు అమ్మాయి ఆవిడ కాగితాలు రెండు రోజులు ముందేసుకుని కూర్చుంది.

మేస్త్రీకి రెండేళ్ళు దాటాయి. మూడో ఏడు మొదట్లో ఒకసారి స్కాన్‌లో ఏదో మచ్చ కనిపించిందన్నారు. ఆ వారం నేను ప్రార్థనలో ఆయన పేరు చెప్పుకున్నాను, మా చర్చిలో వాళ్ళకి ఎవరో తెలియకపోయినా. ఆయన భార్య బతుకమ్మ ఆడను, సంగతి తేలేదాకా పూలు ముట్టను అని కూర్చుంది. నెల తర్వాత మళ్ళీ తీస్తే అది పాత కుట్టు దగ్గరి మచ్చేనని తేలింది. అప్పటికి పండగ అయిపోయింది. ఆవిడ మర్నాడు బంతిపూలు కొని, ఒక్కతే ఇంటిముందు బతుకమ్మ పేర్చుకుందట. ఆయన చెబుతుంటే వెనక ఆవిడ "అది గూడ చెప్పాల్నా" అనడం వినిపించింది.

ఆ తర్వాత ఫోన్లు ఆరు నెలలకోసారి అయ్యాయి. ఆయన బరువు యాభై ఎనిమిదికి వచ్చి ఆగిపోయింది, ఇక పెరగలేదు. తుక్కు దుకాణం మూసేశారు. ఇప్పుడు రేషన్ షాపులో కాంటా మీద నిలబడుతున్నానని చెప్పాడు. ఆయన మళ్ళీ పనికి వెళ్ళడం మొదలుపెట్టాడు. బరువులెత్తడు, పక్కన నిలబడి పని చేయిస్తాడు. జేబులో ఎప్పుడూ ఉడికిన గుడ్డో, గుప్పెడు పల్లీలో ఉంటాయట.

ఆయన ఎందుకు బతికాడో నాకు తెలీదు. డాక్టరుకీ తెలీదు. ఆవిడ జాగ్రత్త వల్ల అనాలని నాకు ఉంటుంది. కానీ మేకలాయన భార్య కూడా అంతే జాగ్రత్తగా చూసుకుంది.

ఈ మధ్యనే ఆయనకి ఐదేళ్ళు నిండాయి. మా పద్ధతి ప్రకారం ఐదేళ్ళు నిండితే ఫోన్లు ఆగిపోతాయి. ఇన్నేళ్ళలో నేను ఆఖరి ఫోన్ దాకా వచ్చింది చాలా తక్కువమందితో. ఆయనకి చేసినప్పుడు పొద్దున పదకొండు. ప్రగతి నగర్‌లో, చెరువుకి దగ్గర్లో ఎవరిదో కొత్త ఫ్లాట్‌లో టైల్స్ పరిపిస్తున్నాడు. వెనక మిషన్‌తో టైల్స్ కోస్తున్న చప్పుడు. పక్క గదిలోకి వచ్చి మాట్లాడాడు. ఎనిమిది ప్రశ్నలూ అయ్యాయి.

"అన్నయ్యా, ఇదే ఆఖరి ఫోను. మీకు ఐదేళ్ళు నిండాయి. ఇక ఆఫీసు నుంచి చేయరు" అన్నాను.

"అంటే? పాసైనట్టా?"

"పాసైనట్టే."

"ఇగ ఫోన్ చెయ్యవా?" గొంతు కొంచెం తగ్గింది. "ఆర్నెల్లకోపారి నా బరువు అడిగేటోళ్ళు ఇంకెవలున్నరు చెల్లె."

"ఆఫీసు నుంచి చేయను. ఇంటినుంచి చేస్తాను. వదిన్ని ఒక ఆదివారం తీసుకుని మా ఇంటికి రండి. మా ఆయన కూడా చూస్తానంటున్నాడు."

"వస్తం. కూర కారం తక్కువ వెయ్యి. నీ గోదారి కారం నాతోటి కాదు."

చెప్పాల్సినవి ఇంకా ఉన్నట్టు అనిపించింది. అంతలో అవతల ఎవరో ఆయన్ని పిలిచారు. "జర లైన్ల ఉండు చెల్లె, సిమెంటు గట్టిపడ్తది. ఈ మూల రాయి నేనే పెట్టాలె, ఆళ్ళతోని కాదు" అన్నాడు.

ఫోన్ కింద పెట్టిన చప్పుడైంది. తర్వాత రబ్బరు సుత్తితో టైలు మీద తడుతున్న శబ్దం. తట్టి, ఆగి, లెవెల్ చూసుకుని, మళ్ళీ మెల్లగా తట్టడం. నా తర్వాతి ఫోన్ టైము దాటిపోతోంది. నేను హెడ్‌సెట్ తియ్యకుండా అలాగే కూర్చుని విన్నాను.